టెలిమెట్రీ ఆపేసుకుని లినక్స్ వెర్షన్ అడగడం న్యాయమేనా?

పాత_లాప్‌టాప్:
నేను డబ్బు కట్టి వాడే ఒక నోట్స్ యాప్ వాళ్లను మూడేళ్లుగా రెండే అడుగుతున్నా. విండోస్ బదులు మనం వాడే లినక్స్‌కి సరైన వెర్షన్ ఇవ్వండి, డేటా సేకరణ తగ్గించండి. మొన్న జవాబొచ్చింది: "మా లెక్కల్లో లినక్స్ వాళ్లు దాదాపు లేరండి." ఎలా ఉంటాం? ఇన్‌స్టాల్ కాగానే మనం చేసే మొదటి పని టెలిమెట్రీ (మన వాడకం వివరాలు కంపెనీకి పంపేది) టిక్ తీసేయడం. విండోస్ యాప్‌లను లినక్స్‌లో నడిపే వైన్ వాడేవాళ్లేమో విండోస్ ఖాతాలో పడుతున్నారు. అందుకే నా మాట: అడిగి తీసుకునే టెలిమెట్రీకైనా మనం ఒప్పుకోవాలి. తిట్లకు సిద్ధపడే రాస్తున్నా.

టిక్_తీసేవాడు:
తిట్టను గానీ ఒప్పుకోను. 2021లో ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఆడాసిటీ చేతులు మారగానే ఏం జరిగింది? వాడకం లెక్కలు తీసే గూగుల్ అనలిటిక్స్ అందులో పెట్టబోయారు. మనం ఒప్పుకుంటేనే పనిచేస్తుందన్నారు, అయినా జనం ఊరుకోలేదు. వెనక్కి తీసుకున్నారు. కోడ్ అందరికీ కనబడేది కాబట్టి ఆ మార్పు వెంటనే బయటపడింది. మీ నోట్స్ యాప్ లోపల ఏముందో మీకెలా తెలుస్తుంది?

రాత్రి_బిల్డ్:
యాప్‌లు రాసేవాణ్ణి, నా గోడు కూడా వినండి. "లినక్స్ వెర్షన్" అంటే ఏది? డెబ్ ఫైలా, ఫ్లాట్‌పాకా, యాప్‌ఇమేజా, ఏ రకం ప్యాకేజీ? ఒకటిస్తే మిగతా ఇద్దరూ అలుగుతారు. అది సర్దుకోవచ్చు, అసలు తంటా వేరే. లినక్స్‌లో తెర మీద విండోలు చూపే పాత వ్యవస్థ ఎక్స్11లో పక్క విండోలో మీరు కొట్టే ప్రతి కీనీ ఏ ప్రోగ్రామైనా వినగలదు. పాస్‌వర్డ్‌తో సహా. దాని బదులు వచ్చిన వేలాండ్ ఆ దారి మూసేసింది, మంచిదే. దాంతోపాటే, ఏ విండోలో ఉన్నా కంట్రోల్-షిఫ్ట్-ఎన్ కొడితే కొత్త నోట్ తెరుచుకునే మా షార్ట్‌కట్ కూడా పోయింది. పోర్టల్ (డెస్క్‌టాప్‌ను అనుమతి అడిగే దారి) ద్వారా మళ్లీ రాశాం. ఒక డెస్క్‌టాప్‌లో పనిచేస్తే ఇంకోదాంట్లో మొరాయించింది. ప్రైవసీ కావాలనేదీ మీరే, షార్ట్‌కట్ పోయిందని బగ్ పెట్టేదీ మీరే! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

టిక్_తీసేవాడు:
ఆ షార్ట్‌కట్ బగ్ పెట్టినవాళ్లలో నేనూ ఉండొచ్చు. సారీ.

నిదానం:
లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ పద్ధతి చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ప్యాకేజీల వాడకం లెక్కలో చేరతారా అని అడుగుతుంది. ముందే ఎంచి ఉండే జవాబు "వద్దు". చేరితే వారానికోసారి జాబితా వెళ్తుంది, పంపే ప్రోగ్రామ్ కోడ్ ఎవరైనా చదవొచ్చు. అలా అడిగితే నేను టిక్ పెడతా. నోరు మూసుకుని లాగేస్తే పెట్టను. ఇంకోటి, "లినక్స్ సపోర్ట్ ప్లీజ్" అని ఒక్క లైను రాసి వదిలేస్తే ఎవరు పట్టించుకుంటారు? ఏ డిస్ట్రో (అంటే ఏ లినక్స్ రకం), వేలాండా ఎక్స్11నా, డబ్బు కడుతున్నారా లేదా, ఇవి రాయాలి.

పాత_లాప్‌టాప్:
సరే, నా మాట కొంచెం మార్చుకుంటున్నా. టెలిమెట్రీ దాకా ఎందుకు, డబ్బు కట్టే పేజీలోనే "ఏ సిస్టమ్ వాడతారు?" అని ఒక గడి పెట్టమని ఇప్పుడే మెయిల్ రాశా. డెబియన్, వేలాండ్, మూడేళ్ల చందా అన్నీ అందులో చెప్పా.

రాత్రి_బిల్డ్:
ఆ గడి మేమూ పెట్టొచ్చు, కష్టమేమీ కాదు. వైన్ వాడేవాళ్లు అందులో విండోస్ అని నొక్కకండి మరి.