శనివారం పుస్తక చర్చ: పనులు, ఒక మనవి

చర్చ బాధ్యత:
అందరికీ నమస్కారం. లైబ్రరీ మీటింగ్ రూమ్ శనివారం రెండు నుంచి నాలుగున్నర దాకా మనది. కుర్చీలు మనమే వేసి, మనమే తీసి పెట్టాలి. ఒకటిన్నరకు ఇద్దరు వస్తే చాలు.

పుస్తకం గార్త్ స్టైన్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ రేసింగ్ ఇన్ ది రెయిన్’, 2008లో వచ్చిన నవల. కథ మన సియాటిల్‌దే. చెప్పేది ఎంజో అనే కుక్క. యజమాని డెన్నీ కార్ల రేసర్. అతని భార్య ఈవ్‌కి మెదడులో కేన్సర్ వస్తుంది. ఆమె పోయాక, కూతురు జోయిని తామే పెంచుతామని అత్తమామలు డెన్నీని కోర్టుకు లాగుతారు. వాళ్ల ఇల్లు సరస్సు మధ్య దీవి మెర్సర్ ఐలండ్‌లో. బెల్‌వ్యూ నుంచి సియాటిల్ ఆఫీసులకు వెళ్లేవాళ్లం రోజూ దాటే చోటే అది. ఇప్పుడు ఆ వంతెన ఎక్కినప్పుడల్లా నాకు జోయి గుర్తొస్తోంది.

ఇక మనవి. ముందు అనుకున్నట్టు అందరినీ వరసగా ‘మీ ఇంట్లో ఎవరు దూరమయ్యారు’ అని అడగడం వద్దు. ఈవ్ జబ్బును అందరికంటే ముందు వాసన పట్టింది ఎంజోనే. కానీ చెప్పడానికి వాడికి మాట లేదు. పోయినేడాది వీడియో కాల్‌లో మా అమ్మ చిక్కిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ‘బాగున్నావా’ అంటే ‘బాగానే ఉన్నానమ్మా’ అనేది. నేనూ అక్కడితో ఆగిపోయేదాన్ని. నాకు మాట ఉంది, అయినా అడగలేదు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఇలాంటివాళ్లు ఆ రోజు గదిలో ఇంకా ఉంటారు. అందుకే ఆ పేజీని ఒకరు పైకి చదివితే చాలు. తర్వాత ఎవరికి మాట్లాడాలనిపిస్తే వాళ్లే మొదలుపెడతారు. మధ్యలో నిశ్శబ్దం వచ్చినా కంగారు పడొద్దు.

పిల్లల విభాగం:
అక్కా, 2019లో వచ్చిన సినిమా చూసిన పిల్లలు మేమూ వస్తామంటున్నారు. వాళ్లకూ ఇదే పుస్తకం ఇవ్వనా?

చర్చ బాధ్యత:
ఇది వద్దమ్మా. డెన్నీ మీద ఒక తప్పుడు కేసు పడుతుంది, ఆ భాగం పెద్దవాళ్లకే బరువు. పిల్లల కోసం గార్త్ స్టైనే ‘రేసింగ్ ఇన్ ది రెయిన్: మై లైఫ్ యాజ్ ఎ డాగ్’ అని వేరుగా తెచ్చారు. అది ఇవ్వు.

టీ, టిఫిన్లు:
రెండు ఫ్లాస్కుల టీ, ఉప్మా నావి. వదినా, మా కుక్కపిల్లను తీసుకురానా? పిల్లలు సంబరపడతారు.

చర్చ బాధ్యత:
లైబ్రరీలోకి వికలాంగులకు సాయంగా ఉండే సర్వీస్ డాగ్స్‌ని తప్ప రానివ్వరండి. ఫోటోలు తీసుకురండి, గోడకు పెడదాం.

కుర్చీలు:
ఒకటిన్నరకు నేనూ మా తమ్ముడూ వస్తాం. అక్కా, మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క గురించి ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా?

చర్చ బాధ్యత:
తప్పకుండా మాట్లాడు. ఎంజో టీవీలో మంగోలియా గురించిన డాక్యుమెంటరీ చూసి, సిద్ధమైన కుక్క వచ్చే జన్మలో మనిషిగా పుడుతుందని నమ్ముతాడు. మన కథలో కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. చివరికి ఆ కుక్క ధర్మదేవతేనని తేలింది. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు. నవల ముగింపు మాత్రం బయటపెట్టొద్దు, సగంలో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

కుర్చీలు గుండ్రంగా వేయండి. తలుపు దగ్గర మాత్రం రెండు విడిగా ఉంచండి, మధ్యలో లేచి కాసేపు బయటికి వెళ్లాలనిపించేవాళ్ల కోసం.