రిఫ్రెష్ అయినప్పుడు లిస్టు ఎటు కదలాలి: సెలెక్షన్ వైపా, మనిషి చూస్తున్న చోటేనా?

కౌంటర్_కోడర్
మందుల హోల్‌సేల్ షాపు ఒకదానికి విన్‌ఫార్మ్స్‌లో (విండోస్ ప్రోగ్రాంలు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధనం) ఆర్డర్ల ప్రోగ్రాం రాశాను. ఎడమవైపు లిస్ట్‌బాక్స్‌లో (వరుసల జాబితా చూపే పెట్టె) ఆ రోజు ఆర్డర్లు, కుడివైపు ఎంచుకున్న ఆర్డర్ వివరాలు. కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి టైమర్ పెట్టి 15 సెకన్లకోసారి లిస్టు మళ్లీ నింపి, పాత సెలెక్షన్‌ని (ఎంచుకుని ఉన్న వరుసను) తిరిగి పెడుతున్నాను.

పోయిన వారం కౌంటర్ పక్కన కూర్చుని చూశాను. బిల్లులు కొట్టే అమ్మాయి 40వ వరుస మీద ఉంది. ఇంతలో ఫోన్లో ఎవరో పొద్దుటి ఆర్డర్ గురించి అడిగారు. 40ని అలాగే ఉంచి, మౌస్ చక్రం తిప్పుతూ 110 దాకా వెళ్లింది. సరిగ్గా డబుల్ క్లిక్ చేసే క్షణంలో రిఫ్రెష్ అయి లిస్టు మళ్లీ 40 దగ్గరికి ఎగిరింది. తెరుచుకున్నది వేరే షాపు ఆర్డర్. ఆమె ఫోన్ వింటూ గమనించలేదు, రెండు స్ట్రిప్పులు ఆ బిల్లులో పడిపోయాయి. సాయంత్రం లెక్క తేలక ఆమె పడ్డ టెన్షన్ చూశాక నాకు నిద్ర పట్టలేదు.

సెలెక్ట్ అయిన వరుస ఎప్పుడూ కనబడి తీరాలని మా టీమ్ లీడ్ అంటారు. రిఫ్రెష్ మనిషి అడిగితే జరిగిన పని కాదు, అది స్క్రోల్‌ని ముట్టుకోకూడదని నేనంటాను. మీరేమంటారు?

కీబోర్డు_పక్షం
మీ లీడ్ గారి మాట తీసిపారేయకండి. నేను 12 ఏళ్లుగా అకౌంట్స్ ప్రోగ్రాంలు రాస్తున్నాను, మా దగ్గర వాడేవాళ్లు మౌస్ ముట్టరు. సెలెక్షన్ 40 మీద, తెర 110 మీద ఉందనుకోండి. డిలీట్ కొడితే పోయేది 40, అంటే కంటికి కనబడని వరుస. కింది బాణం నొక్కితే 41కి వెళ్తుంది, తెర ఎక్కడికో దూకుతుంది. ఇక స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాం) వాడేవాళ్లు ఎక్కువగా ఫోకస్ (కీబోర్డు పనిచేసే చోటు) ఎక్కడుంటే అక్కడే ఉంటారు, మనలా తెర మీద 'చూస్తున్న చోటు' మీద ఆధారపడరు. కనబడని సెలెక్షన్ ప్రమాదమే.

పాత_విన్32
కీబోర్డు గారూ, ఆ రెండింటినీ విడదీసింది ప్రోగ్రాం కాదు కదా, ఆ అమ్మాయే కావాలని విడదీసుకుంది. 40 మీద పని ఆగకుండా 110 చూడాలనుకుంది. అది ఆమె హక్కు.

'కనబడి తీరాలి' అనే రూల్ లిస్ట్‌బాక్స్ నుంచి వచ్చిన అలవాటు. విన్32లో (విన్‌ఫార్మ్స్‌కి అడుగున ఉండే విండోస్ పాత ప్రోగ్రామింగ్ పద్ధతి) దానికి ఎల్‌బీ_సెట్‌కర్‌సెల్ మెసేజ్ పంపితే సెలెక్ట్ చేసి, అవసరమైతే స్క్రోల్ కూడా తానే చేస్తుంది. అదే విన్32లో మరో రకం జాబితా అయిన లిస్ట్‌వ్యూ అలా చేయదు. సెలెక్ట్ చేయడానికి ఎల్‌వీఎం_సెట్‌ఐటెమ్‌స్టేట్, చూపించడానికి ఎల్‌వీఎం_ఎన్ష్యూర్‌విజిబుల్, రెండూ వేర్వేరు. మాక్‌లో జాబితా చూపే ఎన్ఎస్‌టేబుల్‌వ్యూ, విన్‌ఫార్మ్స్ తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన డబ్ల్యూపీఎఫ్‌లో లిస్ట్‌బాక్స్ కూడా స్క్రోల్‌ని విడిగానే అడగమంటాయి. నాకు బాగా నచ్చేది జావా స్వింగ్‌లోని జాబితా, జేలిస్ట్. దాని సెట్‌సెలెక్టెడ్‌వాల్యూ రెండో పారామీటరుగా 'స్క్రోల్ చేయాలా?' అని ట్రూ, ఫాల్స్ అడుగుతుంది. ఆ నిర్ణయం ప్రోగ్రామర్‌దే అని అక్కడే తేల్చేశారు.

కోడర్ బాబూ, మీ కోడ్ సంగతి. డేటాసోర్స్ (లిస్టు నింపే డేటా) మళ్లీ ఇవ్వగానే విన్‌ఫార్మ్స్ లిస్ట్‌బాక్స్ మొదటి వరుసను తానే సెలెక్ట్ చేస్తుంది, 'సెలెక్షన్ మారింది' అని కోడ్‌కి చెప్పే సెలెక్టెడ్‌ఇండెక్స్‌ఛేంజ్డ్ ఈవెంట్ కూడా పేలుస్తుంది. అంటే కుడివైపు వివరాలు ఊరికే ఒకసారి మారి మళ్లీ వెనక్కొస్తాయి. నింపేటప్పుడు ఒక బూలియన్ (ట్రూ, ఫాల్స్) జెండా ఎత్తి పెట్టుకుని, ఆ ఈవెంట్‌లో అది చూసి వెనుదిరగండి. ముందు సెలెక్టెడ్‌ఇండెక్స్ (ఎంచుకున్న వరుస అంకె) పెట్టండి, ఆ తర్వాతే టాప్‌ఇండెక్స్ (తెర మీద అన్నిటికంటే పైన కనబడే వరుస అంకె). తారుమారు చేస్తే మీరు పెట్టిన స్క్రోల్‌ని సెలెక్షన్ లాగేస్తుంది. మొత్తం పనిని బిగిన్‌అప్‌డేట్, ఎండ్‌అప్‌డేట్ మధ్య పెడితే తెర మిణుకుమనదు.

కీబోర్డు_పక్షం
టైమర్ రిఫ్రెష్ వరకు ఒప్పుకుంటాను. కానీ మనిషి వెతుకుడు పెట్టెలో ఆర్డర్ నంబరు కొట్టినప్పుడు, కొత్త ఆర్డర్ సేవ్ చేసినప్పుడు లిస్టు అక్కడికి వెళ్లి తీరాలి. ఇంకో సంగతి. ఈ 15 సెకన్లలో 40వ ఆర్డర్‌ని పక్క కౌంటర్ వాళ్లు రద్దు చేస్తే? ఆ స్థానంలోకి జరిగిన వరుసను గుట్టుగా సెలెక్ట్ చేసే కోడ్ చాలా చూశాను. అలా చేయకండి. సెలెక్టెడ్‌ఇండెక్స్ -1 (ఏ వరుసా ఎంచుకోనట్టు) చేసి, ఆర్డర్ రద్దయిందని కుడివైపు రాయండి.

కౌంటర్_కోడర్
ఇద్దరికీ థాంక్స్. నిన్న మార్చి పెట్టాను. మొదటి ప్రయత్నం కుదరలేదు: మా లిస్టులో కొత్త ఆర్డర్లు పైన చేరతాయి. మూడు కొత్తవి వస్తే, దాచిన టాప్‌ఇండెక్స్ అంకె అదే అయినా తెర మీద వరుసలు మూడు కిందికి జరుగుతున్నాయి. అందుకే ఇప్పుడు అంకె దాచడం లేదు. పై వరుసలో ఉన్న ఆర్డర్ నంబరును, సెలెక్ట్ అయిన ఆర్డర్ నంబరును గుర్తుపెట్టుకుని, నింపాక అవి ఎక్కడున్నాయో వెతుకుతున్నాను. ఈ రోజు గంటసేపు పక్కనే కూర్చున్నాను. ఆమె 110 మీద వేలు పెట్టి చదువుతుంటే లిస్టు కదల్లేదు.

డిలీట్ ప్రమాదానికి ఇలా చేశాను. టాప్‌ఇండెక్స్ నుంచి మొదలుపెట్టి, లిస్టు ఎత్తును ఐటెమ్‌హైట్‌తో (ఒక వరుస ఎత్తు) భాగిస్తే ఎన్ని వరుసలు కనబడుతున్నాయో తెలుస్తుంది. సెలెక్షన్ ఆ పరిధిలో లేకపోతే డిలీట్ గానీ ఎంటర్ గానీ మొదటిసారి కొట్టినప్పుడు ఆ వరుసను చూపిస్తుంది, అంతే. రెండోసారి కొడితేనే పని జరుగుతుంది.

కీబోర్డు_పక్షం
డిలీట్‌కి బాగుంది. ఎంటర్‌కి మాత్రం ఒప్పుకోను. మా వాళ్లు తెర చూడకుండా రోజుకు వందలసార్లు ఎంటర్ కొడతారు. ఒకసారి తెరుచుకుని, ఒకసారి తెరుచుకోకపోతే చేతికి నమ్మకం పోతుంది. ఎంటర్ పోగొట్టేదేమీ లేదు కాబట్టి వెంటనే తెరిచి, లిస్టును కూడా అక్కడికే తీసుకెళ్లండి.

పాత_విన్32
ఆ అమ్మాయి ఎంటర్ వాడుతుందా, డబుల్ క్లిక్కేనా? రేపు వెళ్లినప్పుడు అది చూసి చెప్పండి.