వాక్యం వాక్యానికీ ప్రభుత్వాల ఆమోదం: ఐపీసీసీ చెప్పేది శాస్త్రమేనా?

సాగరతీరం
వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన నిపుణుల సంఘం ఐపీసీసీ. దాని ప్రతి నివేదికతోనూ విధాన నిర్ణేతల కోసం ఒక సారాంశం వస్తుంది. సభ్యదేశాల ప్రతినిధులు కూర్చుని వాక్యం వాక్యం ఆమోదించాకే అది బయటికి వస్తుంది. 2014లో బెర్లిన్‌లో ఇలాగే కూర్చుని, దేశాలను ఆదాయ వర్గాలుగా విడదీసి ఉద్గారాలు చూపిన రేఖాచిత్రాలను తీసేయించారు. ప్రభుత్వాలు కత్తెర పట్టుకున్న చోట శాస్త్రం ఎంత మిగులుతుంది?

విశ్రాంత మాస్టారు
కత్తెర పడింది సారాంశం మీదే. ఆ వివరాలు అసలు నివేదికలో ఉన్నాయి. ఐపీసీసీ సొంతంగా పరిశోధన చేయదండీ, అచ్చయిన పరిశోధనలను తూకం వేస్తుంది. 2021 ఆగస్టు నివేదిక కోసం 234 మంది శాస్త్రవేత్తలు 14,000కు పైగా పత్రాలను పరిశీలించారు. సమీక్షకుల నుంచి 78,000కు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. ఏ దేశమైనా సరే, అధ్యాయాల్లో ఆధారం లేని మాటను సారాంశంలో చేర్చడానికి వీల్లేదు.

సాగరతీరం
చేర్చడానికి వీల్లేదు, సరే. తీసేయడానికి వీలుందా, లేదా? మంత్రులు చదివేది ఆ కొద్ది పేజీలే.

ఎంవీపీ వాసి
హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 కల్లా మాయమవుతాయని 2007లో రాసిందీ వీరే.

విశ్రాంత మాస్టారు
ఆ తప్పును 2010లో వారే ఒప్పుకున్నారు. పైగా అది సారాంశంలోకి రాలేదు, ఒక అధ్యాయంలో ఉంది.

సాగరతీరం
ఇందాక అధ్యాయాలను నమ్మమన్నారు. ఇప్పుడు సారాంశంలో లేదు కాబట్టి ఫరవాలేదంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి.

జాలరిపేట అబ్బాయి
మీరు బెర్లిన్ గురించే మాట్లాడుకుంటున్నారు. నేను మా వీధి గురించి చెబుతాను. మా తాత వలలు ఆరవేసిన ఇసుక ఇప్పుడు లేదు. హుద్‌హుద్ వచ్చిన 2014లో మా ఇంటి వెనక గోడ పోయింది, తరువాత మిగతాదీ పోయింది. పరిహారం కోసం ఒక కార్యాలయానికి పదకొండు సార్లు తిరిగాను. తుపానులో కూలిన గోడకే డబ్బు ఇస్తారట, మెల్లగా కోసుకుపోయిన నేలకు ఇవ్వరట. చివరికి ఒక అధికారి ఫోనులో నాకు వార్త చూపించాడు: ఐపీసీసీ అంచనాల మీద నాసా కట్టిన లెక్క ప్రకారం 2100 నాటికి విశాఖ దగ్గర సముద్రం 1.77 అడుగులు పెరుగుతుందట. "ప్రపంచమంతటా ఇంతే, మేమేం చేయగలం?" అన్నాడు. ఆ రోజు నుంచి ఐపీసీసీ పేరు వింటే నా ఒళ్లు మండుతుంది.

విశ్రాంత మాస్టారు
బాబూ, మీ కష్టం పెద్దదే. కానీ 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజం. ఒక అధికారి మీది కోపంతో దాన్ని కాదనలేం.

జాలరిపేట అబ్బాయి
కాదని ఎవరన్నారు? నేను రాసింది చదవకుండానే పాఠం మొదలుపెట్టారు! మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కోసం కట్టిన రాతి కట్టలు దాన్ని ఆపేస్తాయి, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. అందుకే కదా తవ్వి తీసిన ఇసుకను ఆర్కే బీచ్‌లో పోస్తూ వస్తున్నారు? చిన్నప్పటి నుంచి మా వాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. ఆ కట్టల మాట ఎత్తితే ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. వాతావరణ మార్పు అంటే ఎవరి మీదా పడదు.

ఎంవీపీ వాసి
ఇసుక సంగతి నిజమే. మా ఇంట్లో పెద్దవాళ్లూ చెబుతారు.

విశ్రాంత మాస్టారు
నాకూ తెలుసు. బహిరంగంగా అనడానికే వెనకాడతాను. తప్పంతా కట్టలదేనని మనం అంటే, సముద్రం పెరగడమే అబద్ధం అనేవారికి అదే చాలు. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను, ఆ వాదన ఎంత తేలికగా పాకుతుందో చూశాను.

జాలరిపేట అబ్బాయి
మీ భయం కోసం మేము నోరు మూసుకోవాలా మాస్టారూ? ఇల్లు పోయింది మాది.

విశ్రాంత మాస్టారు
నేను ఆ మాట అనకుండా ఉండవలసింది. ఒకటి చెబుతాను. 2019లో సముద్రాలు, మంచు ప్రాంతాల మీద ఐపీసీసీ ఇచ్చిన నివేదిక సారాంశంలోనే ఉంది: పల్లపు తీరాల ప్రజలకు ముప్పు పెరగడంలో వాతావరణంతో సంబంధం లేని మానవ కారణాలదీ ముఖ్యమైన పాత్రేనని. కట్టల పేరు అక్కడ ఉండదు. కానీ ప్రభుత్వాలు వాక్యం వాక్యం ఒప్పుకున్న సారాంశమది, మన దేశమూ ఐపీసీసీ సభ్యదేశమే.

సాగరతీరం
తీసేయడానికి వీలుందా అన్న నా ప్రశ్న అలాగే ఉంది.

జాలరిపేట అబ్బాయి
ఆ పేజీ పంపండి మాస్టారూ. సోమవారం పన్నెండోసారి వెళుతున్నాను.