అవయవ మార్పిడిలో యాంటీఆక్సిడెంట్లు: ఇంకా ఆశ పెట్టుకోవచ్చా?

ట్రయల్‌లెక్క

సూటిగా అడుగుతున్నాను. దాత నుంచి తీసిన అవయవానికి కొన్ని గంటలు రక్తం అందదు. గ్రహీత ఒంట్లో మళ్లీ రక్తం పారగానే ఫ్రీ రాడికల్స్ ఒక్కసారిగా పుట్టి కణాలను దెబ్బతీస్తాయని 1980ల మొదటి నుంచీ చదువుతున్నాం. గ్రేంజర్, మెక్‌కార్డ్ 1981లో పిల్లి పేగుల మీద చేసిన ప్రయోగంలో సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ ఇస్తే దెబ్బ తగ్గింది. ఆ తర్వాత ఎలుకలు, కుందేళ్లు, కుక్కలు, పందులు... ఏ జంతువుకి ఏ యాంటీఆక్సిడెంట్ ఇచ్చినా పనిచేసిందనే పేపర్లే ఎక్కువ. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏముంది? ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో అందరికీ రాసే యాంటీఆక్సిడెంట్ మందు ఒక్కటీ లేదు.

నా వాదన ఇది: ఈ దారిలో రోగులను కొత్త ట్రయల్స్‌లో చేర్చడం ఇక ఆపాలి. ఆ డబ్బూ శ్రమా మెషిన్ పెర్ఫ్యూజన్‌కి, అంటే తీసిన అవయవంలో యంత్రంతో ద్రావణం పారించే పద్ధతికి మళ్లించాలి. కాదనేవాళ్లు దయచేసి జంతువుల ఫలితాలు కాకుండా మనుషుల మీద ఉన్న ఆధారం చూపించండి.

సెల్‌బయో

పనిచేయలేదని తేల్చే ముందు మందు ఎక్కడికి చేరింది, ఎప్పుడు చేరింది అన్నది చూడాలి కదండీ. చౌచానీ, మర్ఫీ బృందం 2014లో నేచర్‌లో ఇచ్చిన వివరణ గుర్తు చేసుకోండి. ఆక్సిజన్ లేనప్పుడు కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుపోతుంది. రక్తం రాగానే ఆ నిల్వంతా గబగబా ఖర్చవుతుంది. అన్ని ఎలక్ట్రాన్లు ఒకేసారి ముందుకు పోలేక కొన్ని వెనక్కి, మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్ 1 అనే ప్రోటీన్ల గుంపు వైపు మళ్లుతాయి. సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ అక్కడ పుడుతుంది. ఇదంతా రక్తనాళాన్ని బిగించిన క్లాంప్ తీసిన మొదటి నిమిషాల్లోనే, మైటోకాండ్రియా లోపలే జరిగిపోతుంది.

ఇప్పుడు మనం ఇచ్చిన మందులేమిటో చూడండి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ పెద్ద ప్రోటీన్, కణం లోపలికి పోదు. రక్తంలో నిమిషాల్లోనే సగానికి సగం తగ్గిపోతుంది. విటమిన్ ఇ కణాల పొరల్లో చేరాలంటే రోజులు పడుతుంది. మంట ఒక గదిలో ఉంటే వీధిలో నీళ్లు చల్లి, నీళ్లు మంటను ఆర్పవని రాసుకున్నట్టుంది మన పద్ధతి.

మనుషుల మీది ఆధారం అడిగారు కాబట్టి చెబుతున్నాను. 1994లో లాండ్ బృందం మ్యూనిక్‌లో కిడ్నీ గ్రహీతలకు ఇదే ఎంజైమ్‌ని ఆపరేషన్ సమయంలో ఒక్క డోసు, 200 మిల్లీగ్రాములు ఇచ్చింది. అది డబుల్ బ్లైండ్ ట్రయలే, అంటే ఎవరికి మందు అందిందో డాక్టర్లకీ రోగులకీ తెలియదు. మొదటిసారి అక్యూట్ రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించడం) వచ్చినవాళ్లు 33.3 శాతం నుంచి 18.5 శాతానికి తగ్గారు. 4 ఏళ్ల తర్వాత కిడ్నీ నిలిచినవాళ్లు 52 శాతానికి బదులు 74 శాతం. దీన్ని ఎందుకు పక్కన పెట్టాలో మీరే చెప్పండి.

ట్రయల్‌లెక్క

పక్కన పెట్టమనడం లేదు, పూర్తిగా చదవమంటున్నాను. ఆ మందు దేనికోసం ఇచ్చారు? కిడ్నీ వెంటనే పనిచేయడం మొదలుపెట్టాలని. ఆ తొలి పనితీరులో మార్పేమీ కనిపించలేదు. లాభం తర్వాత, రిజెక్షన్‌లో కనిపించింది. 1993లో పొలాక్ బృందం అదే తరహా మందుతో చేసిన ట్రయల్‌లోనూ కిడ్నీ ఆలస్యంగా పనిచేయడం తగ్గలేదు. పైగా మ్యూనిక్ రోగులకు ఇచ్చిన ఇమ్యునోసప్రెషన్ (రిజెక్షన్‌ని ఆపే మందులు) ఆ కాలానిది, ఇప్పటి మందులు వేరు. 30 ఏళ్లు దాటినా ఆ ఫలితాన్ని మరొకరు గట్టిగా నిరూపించి చూపలేదంటే నాకు అనుమానమే.

ఓటీ_డ్యూటీ

ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడేవాడిగా రెండు మాటలు. ఐస్‌లోంచి తీసిన కిడ్నీ బూడిద రంగులో, పట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉంటుంది. సిర, ధమని కుట్టడం అయ్యాక క్లాంప్ వదులుతాం. బాగున్న కిడ్నీ అయితే చూస్తుండగానే గులాబీ రంగుకి తిరిగి, వేలితో నొక్కితే నిండుగా తగులుతుంది. కొన్ని మాత్రం అక్కడక్కడా నీలంగా, మచ్చలు మచ్చలుగా ఉండిపోతాయి. ఆ కాసేపూ గదిలో అందరికీ టెన్షనే. అప్పుడు అనస్తీషియా డాక్టరు సిరలోకి ఏ మందు ఎక్కించినా అది కిడ్నీకి చేరేది అదే రక్తంతో, అదే ఆక్సిజన్‌తో కలిసి. సెల్‌బయో గారు చెప్పిన మొదటి నిమిషాలు మాకు ఎలా కనిపిస్తాయో చెప్పడానికే ఇది రాశాను.

ఇంకో సంగతి. ట్రయల్‌లెక్క గారు యాంటీఆక్సిడెంట్లు వాడుకలో లేవన్నారు. వార్డులో లేవు గానీ ఐస్‌బాక్స్‌లో ఉన్నాయి. బెల్జర్, సౌతర్డ్ తయారుచేసిన యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ ద్రావణంలో లీటరుకి 3 మిల్లీమోల్ గ్లుటాథయోన్, 1 మిల్లీమోల్ అల్లోప్యూరినాల్ అనే యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. 1980ల చివరి నుంచీ లెక్కలేనన్ని లివర్లూ కిడ్నీలూ అందులోనే నిల్వ ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, సీసాలో నెలల తరబడి ఉన్న గ్లుటాథయోన్ తానే ఆక్సీకరణం చెందిపోతుంది. అందుకే వాడే ముందు తాజాది కలిపే పద్ధతి వచ్చింది. లేబుల్ మీద పేరు ఉన్నంత మాత్రాన మందు ఉన్నట్టు కాదు.

సెల్‌బయో

దానికి ఇంకొకటి కలుపుతాను. చల్లదనం కాపాడుతుందనే అనుకుంటాం. 4 డిగ్రీల దగ్గర జీవక్రియ పదో వంతుకి పడిపోతుంది, నిజమే. కానీ అదే చల్లదనంలో కణాల లోపల బంధం వదిలిన ఇనుము పెరుగుతుందని రాయెన్, డి గ్రూట్ 1990ల చివరలో చూపించారు. ఆ ఇనుమే రాడికల్స్‌ని పుట్టిస్తుంది. అంటే ఐస్‌లో ఉన్నప్పుడు కూడా ఆక్సిడేటివ్ దెబ్బ ఆగదు. దాని ఆధారంగానే ఇనుమును పట్టి ఉంచే పదార్థాలు కలిపిన నిల్వ ద్రావణాలు తయారయ్యాయి.

పెర్ఫ్యూజన్_టెక్

మీరిద్దరూ యాంటీఆక్సిడెంటా మెషినా అని పోటీ పెడుతున్నారు. మెషిన్ దగ్గర గంటల తరబడి కూర్చునే నాకు ఆ పోటీయే తప్పనిపిస్తోంది. మేం చేసేది కూడా ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కి వైద్యమే.

చల్లటి ఆక్సిజన్ పెర్ఫ్యూజన్‌లో లివర్‌ని 10 డిగ్రీల దగ్గర పెట్టి, రక్తం లేకుండా, ఆక్సిజన్ నింపిన ద్రావణం మాత్రమే పారిస్తాం. చల్లగా ఉన్నప్పుడు మైటోకాండ్రియా మెల్లగా మేల్కొంటుంది. పేరుకున్న సక్సినేట్ నింపాదిగా ఖర్చవుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ మళ్లీ నిండుతుంది. ఆ తర్వాత వెచ్చటి రక్తం వచ్చినా ఒక్కసారిగా పొంగడానికి అక్కడ నిల్వ పెద్దగా ఉండదు. బయటికొచ్చే ద్రావణంలో ఎఫ్ఎంఎన్ అనే పదార్థాన్ని కొలుస్తారు. అది కాంప్లెక్స్ 1 నుంచి ఊడిపడే ముక్క. ఎంత ఎక్కువ కనిపిస్తే లివర్ లోపల అంత దెబ్బ తగిలిందని అర్థం.

ఫలితం కావాలా? 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన డచ్ బృందం ట్రయల్ చూడండి. గుండె ఆగిపోయాక దానం చేసిన లివర్లు, మొత్తం 156 మంది గ్రహీతలు. మార్పిడికి ముందు 2 గంటలు ఇలా ఆక్సిజన్ పెర్ఫ్యూజన్ చేసిన గుంపులో, 6 నెలల్లోగా పిత్తనాళాలు ఇరుకైపోయి బాధపడినవాళ్లు 6 శాతం. ఐస్‌లోనే ఉంచిన గుంపులో 18 శాతం. ఈ సమస్య వచ్చినవాళ్లను చూసినవాళ్లకి ఆ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. పదే పదే కామెర్లు, ఇన్ఫెక్షన్లు, ఎండోస్కోపీలు, కొందరికి రెండో మార్పిడి.

ట్రయల్‌లెక్క

లివర్ విషయంలో ఒప్పుకుంటాను, మంచి ట్రయల్. కానీ దాన్ని అన్ని అవయవాలకూ సాగదీయకండి. కిడ్నీల్లో ఆక్సిజన్ కలిపిన, కలపని చల్లటి పెర్ఫ్యూజన్లను పోల్చిన కంపేర్ ట్రయల్ 2020లో లాన్సెట్‌లో వచ్చింది. ఒకే దాత రెండు కిడ్నీల్లో ఒకటి ఇటు, ఒకటి అటు. ముఖ్య ఫలితంగా పెట్టుకున్నది ఏడాది తర్వాత కిడ్నీ పనితీరు. అందులో గణాంకపరంగా తేడా తేలలేదు. కిడ్నీ చెడిపోవడం 10 శాతం నుంచి 3 శాతానికి తగ్గింది గానీ, అది రెండో వరుస ఫలితం. వెచ్చటి పెర్ఫ్యూజన్ సంగతి చూస్తే, 2023లో 338 కిడ్నీల ట్రయల్‌లో ఒక గంట చేసినా ఆలస్యంగా పనిచేయడం తగ్గలేదు. చేసినవాటిలో 60.7 శాతం, ఐస్‌లోనే ఉంచినవాటిలో 58.3 శాతం.

అసలు మనిషిలో ఆ రాడికల్స్ ఉప్పెన వస్తుందా అన్నదే ప్రశ్న. 2013లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ బృందం కొత్త కిడ్నీలోకి వెళ్లే రక్తాన్నీ, దాని సిరలోంచి బయటికొచ్చే రక్తాన్నీ పోల్చి చూసింది. ఆక్సిడేటివ్ దెబ్బ గుర్తులు అక్కడ విడుదలవుతున్నట్టు ఆధారం దొరకలేదు. ఎలుకలో కనిపించింది మనిషిలో కనిపించకపోతే సిద్ధాంతాన్నే మళ్లీ తూకం వేయాలి.

సెల్‌బయో

లైడెన్ పని నిజాయితీగా చేసిన పని, దాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ సిరలోంచి వచ్చే రక్తంలో కనిపించేది కణం దాటి బయటపడ్డ సరుకు మాత్రమే. మైటోకాండ్రియా లోపల కొన్ని క్షణాలు జరిగి ముగిసిపోయినదాన్ని అక్కడ కొలవలేం. లేదని తేలలేదు, కనిపించలేదు.

నా వైపు వాదనకి ఇబ్బంది కలిగించేది వేరే ఉంది, దాన్ని దాచను. 1986లో మరీ, జెన్నింగ్స్, రైమర్ కుక్కల గుండెకి నాలుగుసార్లు 5 నిమిషాల చొప్పున రక్తం ఆపి వదిలారు. ఆ తర్వాత పెద్ద దెబ్బ తగిలినా గుండె చాలావరకు తట్టుకుంది. ఆ రక్షణ మొదలవ్వడానికి కొద్దిపాటి రాడికల్స్ కావాలి. ముందే యాంటీఆక్సిడెంట్ ఇచ్చేస్తే ఆ రక్షణ పోతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అంటే మందు ఎప్పుడు పడితే అప్పుడు గుమ్మరిస్తే మంచిని కూడా తుడిచేయొచ్చు. వదిలేయమనడానికి కాదు, గురి చూసి ఇవ్వాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గురి అంటే ఎలా ఉండాలో ఇటలీ ట్రయల్‌లో చూడొచ్చు. 2013లో పాదువాలో ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్‌ని గ్రహీతకి ఇవ్వలేదు, దాతకి ఇచ్చారు. లివర్ తీయడం మొదలుపెట్టడానికి గంట ముందు ఒంటి బరువు కిలోకి 30 మిల్లీగ్రాములు, క్లాంప్ వేసే ముందు పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌లోకి మరో డోసు. ఏడాదికి గ్రాఫ్ట్ (మార్పిడి చేసిన అవయవం) నిలిచింది 90 శాతం, ఇవ్వనివాళ్లలో 70 శాతం.

ట్రయల్‌లెక్క

ఒక్క సెంటర్, 140 గ్రాఫ్ట్‌లు. ఫ్రాన్స్‌లో అదే మందు దాతలకి ఇచ్చి కిడ్నీ గ్రహీతలను గమనిస్తే లాభం తేలలేదు, 2015లో.

వెయిటింగ్‌లిస్ట్

నేను డాక్టర్ని కాదు, డయాలసిస్ చేయించుకుంటూ కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాను. మీరు రాసేవన్నీ చదువుతున్నాను, సగం అర్థమవుతోంది. విటమిన్ సి, ఇ మాత్రలు ఇప్పటి నుంచే వేసుకుంటే రేపు వచ్చే కిడ్నీకి మేలు జరుగుతుందా? తెలిసినవాళ్లు వేసుకోమంటున్నారు.

ఓటీ_డ్యూటీ

సొంతంగా మొదలుపెట్టకండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు విటమిన్ సి ఎక్కువ మోతాదులో వేసుకుంటే అది ఆక్సలేట్‌గా మారి ఒంట్లో పేరుకుంటుంది. కొత్త కిడ్నీకి అదే ముప్పు. మీ నెఫ్రాలజిస్టు రాసిన విటమిన్లుంటే అవి చాలు. మార్పిడి తర్వాత రిజెక్షన్ రాకుండా సాధారణంగా టాక్రోలిమస్ అనే మందు వాడాల్సి ఉంటుంది. కొన్ని మూలికలు దాని స్థాయిని పడగొడతాయి, ద్రాక్షపండు జాతిది కాని గ్రేప్‌ఫ్రూట్ అనే పుల్లటి పండు పెంచేస్తుంది. ఏది తీసుకోవాలన్నా ముందు మీ టీమ్‌ని అడగండి. ఇక్కడ మేం వాదించుకుంటున్నది మీరు మింగే మాత్ర గురించి కాదు, మీ దాకా రాకముందు కిడ్నీకి ఏం చేయాలన్నదాని గురించి. కాల్ రాగానే వెళ్లేలా ఫోన్ దగ్గర పెట్టుకోండి. ఐస్‌లో ఉండే గంటలు తగ్గితే లాభం ఖాయం, అందులో ఇక్కడ ఎవరికీ రెండో మాట లేదు.

వెయిటింగ్‌లిస్ట్

థాంక్సండీ. మాత్రలు పక్కన పెట్టేశాను, రేపు మా డాక్టరు గారిని అడుగుతాను.

పెర్ఫ్యూజన్_టెక్

ట్రయల్‌లెక్క గారూ, ఎలాంటి ట్రయల్ అయితే మీరు ఒప్పుకుంటారో చెప్పండి. అప్పుడు వాదన ఒక దారిన పడుతుంది.

ట్రయల్‌లెక్క

చెబుతాను. మైటోకాండ్రియాలోకి చేరే మందు కావాలి. దాన్ని రోగికి కాకుండా మెషిన్‌లోని ద్రావణంలో కలపాలి. ఒకే దాత రెండు కిడ్నీలు, ఒకదానికి మందుతో, ఒకదానికి మందు లేకుండా. ముఖ్య ఫలితం రక్తంలోని ఏదో ఒక గుర్తు కాకూడదు, ఏడాది తర్వాత కిడ్నీ పనితీరూ, కిడ్నీ నిలవడమూ అయి ఉండాలి. కంపేర్‌లో కనిపించిన 10, 3 శాతాల తేడా నిజమైతే ఇలాంటి ట్రయల్‌లో మళ్లీ కనిపించాలి. అలాంటిది వస్తే రోగులను చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. మొదట ఆపమన్నది గురీ వేళా లేకుండా సిరలోకి ఎక్కించే ట్రయల్స్‌ని.

సెల్‌బయో

అయితే మన మధ్య దూరం మందు దగ్గర కాదు, ఇచ్చే చోటు దగ్గర. సక్సినేట్ గబగబా ఖర్చవడాన్ని అడ్డుకునే మాలోనేట్ లాంటి పదార్థాలు, మైటోకాండ్రియాలోకే చేరే మైటోక్యూ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఈ వరుసలో ముందు పరీక్షించాల్సినవి. ఒక్కటే అడుగుతాను: మెషిన్‌లో ఆక్సిజన్ ఒక్కటే సగం పని చేసేస్తుంటే, మందు వల్ల వచ్చే అదనపు లాభం చిన్నదే అవుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఎన్ని వందల జతల కిడ్నీలు కావాలో లెక్క వేశారా?

ట్రయల్‌లెక్క

వేయాలి. కంపేర్‌లో రెండు కిడ్నీలూ మార్పిడి దాకా వచ్చి లెక్కలోకి చేరినవి 106 జతలే, అదీ కొన్ని దేశాలు కలిస్తే. ఇది దానికి కొన్ని రెట్లు ఉండాలి.

ఓటీ_డ్యూటీ

జతల లెక్క కంటే ముందు ఇంకొకటి తేల్చుకోండి. మందు కలిపేది కిడ్నీలో, రోగికి ఇంకా ఫోన్ కూడా వెళ్లదు. రాత్రి 2 గంటలకి కాల్ అందుకుని హాస్పిటల్‌కి పరుగెత్తుకొచ్చే మనిషి దగ్గర ఆ హడావిడిలో సంతకం తీసుకుంటే అది నిజమైన సమ్మతి అవుతుందా? వెయిటింగ్ లిస్టులో పేరు నమోదయ్యే రోజే, తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పి అడగాలంటాను.