కాఫ్కా సమాధి రాయి మీది అయిదక్షరాలు: ‘జీవపు మూట’ సరిపోతుందా?

మొన్నటి చర్చలో ఒక సభ్యురాలు అడిగారు: యూదులు తమవాళ్ళ సమాధుల మీద అయిదక్షరాల్లో చెక్కించే మాటకు తెలుగులో ఏమనాలి, ‘ఆత్మకు శాంతి కలుగుగాక’ అంటే చాలదా అని. చాలదని నా అభిప్రాయం. ఎందుకో ఒక్క రాయిని పట్టుకుని చెప్తాను.

ప్రాగ్ నగరంలో స్ట్రాష్నిత్సె వైపు కొత్త యూదు శ్మశానం ఉంది. అందులో స్ఫటికంలా కోసిన ఒక రాయి మీద ‘డాక్టర్ ఫ్రాన్జ్ కాఫ్కా, 1883–1924’ అని ఉంటుంది. ఆ ‘డాక్టర్’ న్యాయశాస్త్రం చదివినందుకు వచ్చిన పట్టం. ఆయన జర్మన్‌లో కథలు, నవలలు రాసిన రచయిత అన్న సంగతి ఆ రాయి ఎక్కడా చెప్పదు. కింద హీబ్రూలో నాలుగైదు వరుసలున్నాయి. నాకు ఇష్టమైనవి అవే. లోకానికి తెలిసిన కాఫ్కా కాదు, ఇంట్లోవాళ్ళు పోగొట్టుకున్న కొడుకు కనిపించేది అక్కడే.

ఆ వరుసల సారాంశం ఇది. యూదుల పంచాంగంలో సివాన్ మాసం పాడ్యమి, మంగళవారం, 5684. మన లెక్కలో 1924 జూన్ 3. పోయినవాడి పేరు ఆన్షెల్. అది ఆయన హీబ్రూ పేరు, తల్లి వైపు ముత్తాత పేరు. మనం తాతల పేర్లు పెట్టుకున్నట్టే. పేరుకు ముందు ‘హబహూర్’ అని ఉంది. బహూర్ అంటే పెళ్ళి కాని యువకుడు. నిఘంటువు చూసి ‘బ్రహ్మచారి’ అని రాసేవాళ్ళున్నారు, అది వద్దు. మనకు బ్రహ్మచారి అంటే వ్రతం పట్టినవాడు గుర్తొస్తాడు. కాఫ్కాకు పెళ్ళి వద్దని కాదు. రెండుసార్లు ఒకే అమ్మాయితో, ఒకసారి ఇంకొకరితో నిశ్చితార్థం దాకా వెళ్ళి ఆగిపోయింది. చివరి ఏడాది తోడున్న డోరా డియమంట్‌ను చేసుకుంటానని ఆమె తండ్రికి ఉత్తరం రాస్తే, ఆయన తాను నమ్మిన రబ్బీని, అంటే యూదు మతగురువును, అడిగి వద్దనేశాడు. కొన్ని వారాలకే క్షయ గొంతును తినేసి, వియన్నా దగ్గర కీర్లింగ్ శానటోరియంలో ప్రాణం పోయింది. నలభై ఒకటో పుట్టినరోజుకు ఇంకా నెల ఉంది. మన ఇళ్ళలో అయితే నలభై ఏళ్ళున్నా ‘పెళ్ళికాని పిల్లాడు పోయాడు’ అనే ఏడుస్తారు. బహూర్‌కు నేను పెట్టే తెలుగు అదే, పెళ్ళికాని పిల్లాడు.

తర్వాత తండ్రి పేరు. దాని పక్కన రెండు పొట్టి అక్షరాలు, ‘ఆయన దీపం వెలుగుగాక’ అన్న మాటకు సంక్షేపం. బతికున్నవాళ్ళకే అది రాస్తారు. కొడుకు పేరు పక్కన ‘అతనికి శాంతి’ అని, తండ్రి పేరు పక్కన ‘దీపం వెలుగుగాక’ అని. మన పెళ్ళిపత్రికల్లో ఒక పేరుకు ‘కీ.శే.’, ఇంకో పేరుకు ‘శ్రీ’ పెట్టే పద్ధతే. కాకపోతే ఇక్కడ అవి తారుమారయ్యాయి. ఆ తండ్రి 1931 దాకా ఉన్నాడు, తల్లి 1934 దాకా. ఇద్దరినీ అక్కడే పెట్టారు, ఆ రాయి మీదే వాళ్ళ పేర్లూ చేరాయి. ముగ్గురు చెల్లెళ్ళకు సమాధులే లేవు. నాజీలు చంపేశారు, రాయి అడుగున ఒక పలక మీద పేర్లు మాత్రం మిగిలాయి.

ఇక అయిదక్షరాలు: తావ్, నూన్, త్సాది, బేత్, హే. అయిదు మాటల మొదటి అక్షరాలవి, విడదీస్తే ‘తెహే నఫ్షో త్స్రూరా బిత్స్రోర్ హహయీమ్’. ఇది కాఫ్కా కోసం రాసింది కాదు, యూదుల సమాధులన్నిటి మీదా దాదాపు ఉంటుంది. దీని మూలం బైబిల్లోని 1 సమూయేలు 25:29. దావీదు కోపంతో కత్తి కట్టుకుని వస్తుంటే అబీగయీలు అనే ఆవిడ ఎదురెళ్ళి చెప్పిన మాట: నీ ప్రాణం దేవుని దగ్గర ‘జీవపు మూటలో’ కట్టబడుతుంది, నీ శత్రువుల ప్రాణాలను ఆయన వడిసెలలో రాయిలా విసిరేస్తాడు. ‘జీవపు మూట’ మన పాత తెలుగు బైబిల్లోదే. ఎంత ధైర్యంగా వేశారో చూడండి. ఇంగ్లీషు నుంచి తెచ్చిన ‘నిత్యజీవ బంధం’ దీని ముందు నిలవదు. ‘బంధం’ అనగానే మనకు సంసారబంధం, విడిపించుకోవలసింది, గుర్తొస్తుంది. అర్థం తలకిందులైపోతుంది.

ఆ హీబ్రూ వాక్యంలోని త్స్రోర్ అంటే నిజంగా మూటే. యోసేపు అన్నలు గోనెలు విప్పితే ఎవరి డబ్బు మూట వారి గోనెలో కనబడిందని ఆదికాండంలో ఉంది కదా, అక్కడా ఇదే మాట. కొంగున ముడేసుకున్న డబ్బులా, పోకూడనిదాన్ని కట్టి దగ్గర పెట్టుకోవడం. వడిసెల పక్కన పెట్టి చదివితే ఇంకా బాగుంటుంది: ఒకటి విసిరేసేది, ఇంకొకటి దాచుకునేది.

ఒకరి అభ్యంతరం: “తెలుగులో మూటగట్టుకునేది పాపం, అపకీర్తి. పోయినవాళ్ళ గురించి మూట అంటే బాగుంటుందా?”

మంచి ప్రశ్న. అయితే పుణ్యం కూడా మూటగట్టుకుంటాం. పైగా అక్కడ కట్టుకునేది మనిషి, ఇక్కడ మనిషినే కట్టి దాచుకుంటున్నారు. ‘మూటగట్టుకున్నాడు’ అనకుండా ‘మూటలో ఉండుగాక’ అంటే ఆ చెడు వాసన రాదు. ‘ఆత్మశాంతి’తో నా పేచీ కూడా ఇక్కడే. శాంతి మాట ఆ రాయి మీద పేరు పక్కన ముందే ఉంది. అయిదక్షరాలు అడిగేది వేరే, పోయినవాడు విడిగా పడిపోకూడదని.

కాఫ్కాకు ఈ అక్షరాలు పరాయివి కావు. జబ్బుతోనే, 1922–23లో, యెరూషలేము నుంచి ప్రాగ్‌కు చదువుకోవడానికి వచ్చిన పూఆ బెన్-తొవీమ్ అనే అమ్మాయి దగ్గర హీబ్రూ నేర్చుకున్నాడు. ఒక పక్క హీబ్రూ మాట, ఇంకో పక్క జర్మన్ అర్థం రాసుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ యెరూషలేములోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. కీర్లింగ్‌లో మాట్లాడొద్దని డాక్టర్లు చెప్పాక చీటీల మీద రాసి చూపించేవాడు. వాటిలో ఒకదాంట్లో అడిగింది గదిలోని పూల గురించి, అవి మరీ సున్నితం, జాగ్రత్తగా చూడాలని. గొంతు మంటతో నీళ్ళు కూడా దిగని మనిషి ఆ చీటీ రాశాడు. ఆయన కథలు చదివి చీకటి మనిషి అనుకునేవాళ్ళకు నేను ముందుగా ఈ చీటీ సంగతే చెప్తాను.

నా అనువాదం: “పెళ్ళికాని పిల్లాడు ఆన్షెల్, అతనికి శాంతి. అతని ప్రాణం జీవపు మూటలో భద్రంగా ఉండుగాక.” బహూర్ తర్వాత ‘హమ్ఫుఆర్’ అని ఒక విశేషణం ఉంది, శోభగల, గొప్ప అన్న అర్థంలో. దాన్ని నేను వదిలేశాను. ‘మహిమగల’ అంటే దేవుడికి పోతోంది, ‘మేటి’ అంటే పద్యంలా ఉంది. తల్లి నోట పలికేట్టు ఉండే మాట ఎవరికైనా తడితే ఇక్కడ రాయండి.