"మొద్దు జన్యువు" అంటే మొద్దును చేసే జన్యువా?

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. ఒక సైన్సు వ్యాసాన్ని తెలుగులో రాస్తున్నాను. ఈగలు, పురుగులు లాంటి వెన్నెముక లేని జీవుల్లో నాడీ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో, వాటి జన్యువుల్ని కదిలించి ఎలా తెలుసుకుంటారన్నది విషయం. సగం దాకా సాఫీగానే సాగింది, జన్యువుల పేర్ల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది.

మగ్గిన పండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగ ఉంది కదా, డ్రోసోఫిలా, దాని జన్యువుల్లో ఒకదాని పేరు డన్స్. ఇంగ్లీషులో ఆ మాటకి మొద్దు, చదువు ఎక్కనివాడు అని అర్థం. నేను "మొద్దు జన్యువు" అని రాసేసి ముందుకెళ్లిపోయాను. మా చెల్లికి చూపిస్తే "అయితే ఈ జన్యువు ఉంటే చదువు రాదన్నమాట" అంది. అసలు సంగతి దానికి సరిగ్గా తలకిందులు. ఆ జన్యువు బాగుంటేనే ఈగ నేర్చుకుంటుంది, చెడితే మొద్దవుతుంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్, ఇంకెన్ని పేర్లు ఇలా తిరగేసి రాశానో అని. పేరును తెలుగు చెయ్యాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

ఈగల మనిషి:
మీ చెల్లెలు ఒక్కరే కాదండీ, ఇంగ్లీషులో చదివేవాళ్లూ మొదటిసారి ఇక్కడే బోల్తా పడతారు. ఈగల దగ్గర, పురుగుల దగ్గర చాలా జన్యువులకి పేరు పెట్టింది అవి చేసే పనిని బట్టి కాదు, చెడితే కనబడే లోటును బట్టి. 1910లో అమెరికా శాస్త్రవేత్త మోర్గాన్ దగ్గర ఎర్రకళ్ల ఈగల మధ్య తెల్లకళ్ల ఈగ ఒకటి తేలింది, దానికి కారణమైన జన్యువుకి వైట్ అని పేరు పెట్టారు. ఆ జన్యువు మామూలుగా చేసే పనేమో కంటికి రంగు చేరేలా చూడటం! అప్పట్లో జన్యువు దేనితో తయారైందో కూడా తెలియదు, కంటికి కనబడేది ఈగ ఒక్కటే, అందుకని ఈగలో కనబడ్డ తేడాయే పేరైపోయింది.

డన్స్ కూడా అలాంటిదే. 1970ల్లో అమెరికాలోని కాల్‌టెక్ అనే విద్యాసంస్థలో సీమోర్ బెంజర్ బృందం ఈగలకి ఒక వాసన చూపిస్తూ కరెంటు షాక్ ఇచ్చేది, రెండో వాసనకి షాక్ ఉండదు. కాసేపాగి రెండు వాసనలూ పెడితే మామూలు ఈగలు షాక్ తగిలిన వాసన జోలికి పెద్దగా పోవు. జన్యువుల్లో మార్పులు తెప్పించిన ఈగల్ని ఇలాగే ఒక్కో రకాన్నీ పరీక్షించుకుంటూ పోతే ఒక రకం దొరికింది. దానికి వాసన తెలుస్తుంది, షాక్ తెలుస్తుంది, ఆ రెండిటినీ ముడిపెట్టుకోవడమే రాదు. 1976లో డన్స్ పేరుతో దాన్ని ప్రకటించారు. తర్వాత తేలిందేమిటంటే ఆ జన్యువు సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తుందని. రుటబాగా అని ఇంకో జన్యువు ఉంది, అదేమో ఆ అణువును తయారుచేసే ఎంజైముకి సంబంధించినది. ఒకటి చేసేది, ఒకటి చెరిపేది, ఏది పాడైనా ఈగకి పాఠం ఎక్కదు. కాబట్టి "మొద్దు జన్యువు"లో మొద్దుతనం నేతిబీరకాయలో నెయ్యంత.

వ్యాకరణం మేష్టారు:
నేతిబీర బాగుందయ్యా. అయితే తప్పు ఆ అమ్మాయిది కాదు, సమాసానిది. "మొద్దు జన్యువు" అని రెండు మాటలు పక్కపక్కన పెడితే వాటి మధ్య సంబంధమేమిటో తెలుగు చెప్పదు, చదివేవాడు పూరించుకోవాలి. నిద్రమాత్ర అంటే నిద్ర తెప్పించేది. దగ్గుమందు అంటే దగ్గు తెప్పించేదని ఎవరైనా అనుకుంటారా? రెండూ ఒకే అచ్చు, అర్థం మాత్రం ఎదురెదురు. మందు సంగతి మనకి ముందే తెలుసు గనక తికమక లేదు. జన్యువు సంగతి చదివేవాడికి ముందుగా తెలియదు, అందుకని అందరూ నిద్రమాత్ర దారే పడతారు. దగ్గుమందు దారిలో నడిపించాలంటే మధ్యలో పోయిన క్రియను తెచ్చి పెట్టక తప్పదు.

కొత్త సభ్యుడు:
అయితే "మొద్దుతనం పోగొట్టే జన్యువు" అంటే సరిపోతుంది కదా?

ఈగల మనిషి:
సరిపోదండీ. అలాగంటే ఈగ పుట్టుకతో మొద్దు, జన్యువు వచ్చి బాగుచేసింది అన్నట్టుంటుంది. ఇంట్లో మీట పాడైతే దీపం వెలగదు, అలాగని మీటను "చీకటిని పోగొట్టే యంత్రం" అనం. ఒక భాగం తీసేస్తే ఏం ఆగిపోయిందో చూసినంత మాత్రాన ఆ భాగం ఏం చేస్తుందో తెలిసిపోదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లే అప్పుడప్పుడు ఇది మర్చిపోయి "నేర్చుకునే జన్యువు దొరికింది" అనేస్తుంటారు, నాకు అది "మొద్దు జన్యువు" కన్నా పెద్ద తప్పుగా కనిపిస్తుంది.

అనువాదకురాలు:
మేష్టారూ, దగ్గుమందు మాట నోట్సులో రాసుకున్నాను. ఈగల అన్నయ్యగారూ, ఇంకో రెండు పేర్లున్నాయి. ఒకటి షిబిరే. నేను ముందు "శిబిరం" అనుకుని, ఈగలకి శిబిరమేంటి అని అరగంట తల పట్టుకున్నాను. రెండోది పురుగుల్లో అన్క్.

ఈగల మనిషి:
శిబిరం! ఇది నేను దాచుకుంటాను. అది జపనీస్ మాట, తిమ్మిరి అని అర్థం. కాలు తిమ్మిరెక్కింది అంటాం చూడండి, అదే. ఆ మార్పున్న ఈగని సుమారు 30 డిగ్రీల వేడికి తీసుకెళితే ఉన్నచోటే కూలబడుతుంది, చల్లబరిస్తే లేచి ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంది. కారణం ఏమిటంటే, ఒక నాడీకణం పక్కకణానికి కబురు పంపాలంటే రసాయనం నింపిన బుడగలు కావాలి, వాడిన బుడగల పొరను లోపలికి లాగి మళ్లీ వాడుకోవాలి, ఆ లాగడానికి డైనమిన్ అనే ప్రోటీన్ కావాలి. షిబిరే జన్యువు చేసేది ఆ ప్రోటీన్‌నే. వేడి తగిలితే ఈ మార్పున్న ఈగలోని డైనమిన్ మొరాయిస్తుంది, బుడగలు అయిపోతాయి, కబుర్లు ఆగిపోతాయి.

ఇక్కడే మీ ప్రశ్నకి ఇంకో మలుపుంది. 1993లో బ్రాండ్, పెరిమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్ నుంచి తెచ్చిన గాల్4 అనే ప్రోటీన్‌తో ఒక పద్ధతి అందించారు. ఒక ఈగలో గాల్4 మనం ఎంచుకున్న కణాల్లోనే తయారవుతుంది. రెండో ఈగలో మనకి కావలసిన జన్యువు ఉంటుంది, కానీ గాల్4 తగిలితే తప్ప మేలుకోదు. రెండిటినీ జతకడితే పిల్లల్లో, ఆ ఎంచుకున్న కణాల్లో మాత్రమే, ఆ జన్యువు పనిచేస్తుంది. 2001లో కిటమోటో అనే శాస్త్రవేత్త ఈ పద్ధతిలో వేడికి చెడే షిబిరేని కొన్ని నాడీకణాల్లోకే పంపించాడు. ఇక గది వేడి పెంచితే ఆ కణాలు మూగబోతాయి, తగ్గిస్తే మళ్లీ పలుకుతాయి, మిగతా ఈగ మామూలుగానే ఉంటుంది. ఏ కణాలు ఆగితే ఏ పని ఆగుతుందో బతికున్న ఈగలో, కత్తి పెట్టకుండా చూడొచ్చు. చూశారా, ఇక్కడ వాడేది చెడిన రూపాన్నే, కావాలని. కాబట్టి ఈ ఒక్క సందర్భంలో "తిమ్మిరి జన్యువు" అంటే తిమ్మిరెక్కించే జన్యువనే అర్థం, మీ చెల్లెలు చదివినట్టు చదివినా తప్పు కాదు!

వ్యాకరణం మేష్టారు:
అంటే ఒకే పేరు ఒకచోట దగ్గుమందు, ఇంకోచోట నిద్రమాత్ర. ఇది నేను పాఠంలో చెప్పి ఉంటే నమ్మేవాళ్లు కాదు.

పురుగుల అక్క:
అన్క్ గురించి నేను చెబుతాను, నా బతుకంతా ఆ పురుగులతోనే. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్, మిల్లీమీటరు పొడవు, ద్విలింగ పురుగులో సరిగ్గా 302 నాడీకణాలు. సిడ్నీ బ్రెనర్ 1974లో ప్రకటించిన వ్యాసంలో కదలిక కుదరని పురుగుల్ని వరసపెట్టి చూపించాడు. ఇంగ్లీషులో "పొందిక లేని" అని అర్థమిచ్చే అన్‌కోఆర్డినేటెడ్ అనే మాటలోని మొదటి మూడక్షరాలే ఈ అన్క్, దాని పక్కన నంబరు. కొన్ని వణుకుతాయి, కొన్ని చుట్టుకుపోతాయి, కొన్ని దాదాపు కదలవు. అన్క్-13 చెడితే నాడీకణం నుంచి రసాయన కబురు బయటికి రావడమే గగనం. దాని చుట్టం మనలాంటి జంతువుల్లోనూ ఉంది, దాని పేరు మన్క్13. ఎక్కడో కుంటి పురుగుకి పెట్టిన పేరు వెన్నెముక ఉన్నవాటి దాకా పాకిందన్నమాట. దీన్ని తెలుగు చేస్తే ఆ చుట్టరికం తెగిపోతుంది, దయచేసి చెయ్యొద్దు.

ఇంకో సంగతి చెల్లీ, ఇది ఎవరూ పట్టించుకోరు. ఈగల్లో పేరు చిన్న అక్షరంతో మొదలైందా పెద్ద అక్షరంతోనా అన్నదానికి కూడా అర్థముంది. ఆ పేరు తెచ్చిన మార్పు, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు రెండు ప్రతుల్లోనూ ఉంటేనే బయటపడేదైతే చిన్నక్షరం, ఒక్క ప్రతి మారినా కనబడేదైతే పెద్దక్షరం. డన్స్ చిన్నది, ఈథర్ మత్తులో కాళ్లు వణికించే షేకర్ పెద్దది. పురుగుల్లోనేమో అన్నీ పెద్దక్షరాల్లో ఉంటే ప్రోటీన్, చిన్నవైతే జన్యువు. మన లిపిలో పెద్దా చిన్నా లేవు. కాబట్టి "అన్క్-13 జన్యువు", "అన్క్-13 ప్రోటీన్" అని ప్రతిసారీ విడమర్చి రాయాల్సిందే.

కొత్త సభ్యుడు:
మధ్యలో ఒక సందేహం. "నాడీకణం" ఎందుకు, "నరం కణం" అనొచ్చుగా? నాడి అంటే డాక్టరు చెయ్యి పట్టుకుని చూసేది కదా.

వ్యాకరణం మేష్టారు:
నాయనా, నరమేమన్నా తక్కువ తిందా? నరానికి సూది వేశారంటే అది రక్తనాళం, నరం పట్టేసిందంటే కండరం. సంస్కృతంలో నాడి అంటే గొట్టం, నాళం. మన నరానికి తోబుట్టువు తమిళ నరంబు, పాత తమిళంలో యాళ్ అనే వాద్యం తీగను కూడా అదే మాటతో పిలిచారు. గ్రీకులో న్యూరాన్ మాట కూడా మొదట స్నాయువుకే, వింటినారికే. శరీరంలో తీగలా కనబడ్డదాన్నల్లా ఒకే మాటతో పిలవడం అన్ని భాషల్లోనూ ఉంది. "నాడీకణం"లో పక్కన కణం ఉంది గనక డాక్టరు చెయ్యి గుర్తురాదు. అది ఉండనీ.

అనువాదకురాలు:
ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. జన్యువును తీసెయ్యకుండా పనిచెయ్యకుండా ఆపడానికి "జన్యు నిశ్శబ్దీకరణ" అని ఒకచోట చూశాను. నోరు తిరగడం లేదు.

పురుగుల అక్క:
మా ల్యాబ్‌లో తెలుగువాళ్లం "నోరు నొక్కడం" అంటాం. జన్యువు మాటను కణంలో మోసుకెళ్లే అణువు ఆర్‌ఎన్‌ఏ. 1998లో ఫైర్, మెల్లో బృందం రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని పురుగులోకి ఎక్కించి అన్క్-22 నోరు నొక్కితే పురుగులు గిలగిల వణికాయి. జన్యువు అక్కడే ఉంది, దాని నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ కబురును పుట్టాక చింపేశారు, అంతే. తీసేస్తే "తొలగించారు", ఇలా ఆపితే "నోరు నొక్కారు". ఈ రెండూ కలిపెయ్యకుండా ఉంటే చాలు, నిశ్శబ్దీకరణ ఎవరికీ అక్కర్లేదు.

అనువాదకురాలు:
ఇదిగో, మార్చి రాశాను. "ఈ జన్యువు చెడిన ఈగలు వాసనకీ షాక్‌కీ ముడిపెట్టుకోలేకపోయాయి. అందుకే ఈగకి రావలసిన 'మొద్దు' అనే పేరు, డన్స్ అని, జన్యువుకి వచ్చిపడింది." ఇది చదివి మా చెల్లి "పాపం, జన్యువుకి నింద" అంది. అర్థమైనట్టే కదా?

వ్యాకరణం మేష్టారు:
అయింది. "ముడిపెట్టుకోలేకపోయాయి" ఒక్క ఊపిరిలో చదవలేకపోయాను, "ముడిపెట్టలేకపోయాయి" చాలు. నింద మాట మాత్రం మీ చెల్లెల్ని అడిగి వ్యాసంలో పెట్టెయ్యి.