అప్‌డేట్: డ్యాష్‌బోర్డ్ లైట్ల మిణుకు తగ్గింది, తప్పు ఎర్త్ వైరుదే

రాత్రిపూట ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డ్ లైట్లు, వాటితో పాటు హెడ్‌లైట్లు మిణుకుమంటున్నాయని పోయిన నెల అడిగాను. పదేళ్ల డీజిల్ కారు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు ఎర్త్ చూపించండి" అన్నవారి మాటే నిజమైంది (ఎర్త్ అంటే కరెంటు ఇంజిన్, బాడీల మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి).

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్‌కి చూపించాను. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు, ఏసీ వేసి, మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజిన్‌కి పెట్టాడు. రెండిటి మధ్య తేడా 0.2 వోల్ట్‌లోపు ఉండాల్సింది 0.9 చూపించింది! ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు పట్టి, సగం పోగులు తెగిపోయి ఉన్నాయి. కొత్త వైరు వేసి, బోల్టు కింద పెయింట్ గీకి బిగించాడు. వైరుకి, కూలీకి కలిపి 450 రూపాయలు. ఇప్పుడు బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు, ముల్లు కదలడం లేదు. పొద్దున్నే సెల్ఫ్ బద్ధకంగా తిరగడం కూడా పోయింది; అదీ దీనివల్లేనని నాకు తట్టనే లేదు.

ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) బాగానే ఉంది. డిమ్మర్ స్విచ్‌కి సంబంధం లేదు. తొందరపడి కొన్న కొత్త బ్యాటరీ మాత్రం దండగ.